కుర్చీలో ఫొటో, బల్ల మీద ఉపసర్పంచ్

ఆ రోజు పొద్దుటి నుంచీ టీవీలో ఉపరాష్ట్రపతి ఎన్నిక ముచ్చటే. కోటు తొడుక్కున్న ఒక పెద్దమనిషి, రాష్ట్రపతి పదవి ఖాళీ అయితే ఉపరాష్ట్రపతి ఆ పని చూస్తాడనీ, ఆరు నెలలు తిరక్కుండా కొత్త రాష్ట్రపతిని ఎన్నుకోవాలనీ, మన రాజ్యాంగం ఆ కుర్చీని ఒక్క క్షణం కూడా ఖాళీగా ఉంచదనీ కళ్ళు మూసుకుని మరీ చెబుతున్నాడు. గ్రూప్స్‌కు చదువుతున్న మా అమ్మాయి సిరిసిల్లలో మా ఇంటి నేల మీద కూర్చుని ఆ ముక్కలన్నీ నోటుబుక్కులో ఎక్కించుకుంటోంది. రాష్ట్రపతి రాజీనామా చేయాలంటే ఉపరాష్ట్రపతికి ఇవ్వాలట, ఉపరాష్ట్రపతి చేయాలంటే రాష్ట్రపతికి ఇవ్వాలట. వాళ్ళిద్దరూ ఒకరికొకరు ఇచ్చుకోవడం దానికి భలే నచ్చింది.

"డాడీ, రాష్ట్రపతి లేడనుకో. ఉపరాష్ట్రపతే ఆ పని చూస్తున్నడు. గప్పుడు ఆయన రాజీనామా చేస్తే ఎవరికియ్యాలె?" అని అడిగింది.

కోటు పెద్దమనిషికి తెలుసో లేదో గానీ ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. సారంగాపూర్ వైపు ఒక ఊళ్ళో, బీడీలు చుట్టే ఉపసర్పంచ్ ఒకామె నాకు స్వయంగా నేర్పింది. ఆ సంగతి చెప్పబోతుండగానే ఫోను మోగింది. అదే ఊరి పంచాయతీలో పన్నులు వసూలు చేసే కారోబార్. ఉపసర్పంచమ్మ పోయిందనీ, రేపు పొద్దున్నే మట్టి అనీ, వీలుంటే రమ్మనీ చెప్పి పెట్టేశాడు. ఇంత కరెక్టు టైముకు ఆమె బతికున్నప్పుడు కూడా ఎప్పుడూ గుర్తుకు రాలేదు.

నేను పంచాయతీ కార్యదర్శిని. ఊళ్ళో మంచి జరిగితే అది సర్పంచ్ చేయించినట్టు, చెడిపోతే అది సెక్రటరీ చెడగొట్టినట్టు. ఇప్పుడు గంభీరావుపేట పక్కన చేస్తున్నాను గానీ, అంతకు ముందు ఆ ఊళ్ళో ఏడేళ్ళు ఉన్నాను. ఆమె ఉపసర్పంచ్ అయిన రోజు ఓట్లు లెక్కపెట్టిన గదిలోనే ఉన్నాను.

ఆమె ఆ పదవి అడగలేదు. సర్పంచ్ గెలిచాడు, తొమ్మిది మంది వార్డు సభ్యులు గెలిచారు, ఇక సభ్యుల్లో ఒకరిని ఉపసర్పంచ్‌గా ఎన్నుకోవాలి. ఇద్దరు మొగాళ్ళు పోటీకి దిగారు. చెరో నలుగురు. తొమ్మిదో ఓటు ఈమెది. ఇద్దరూ వంతులవారీగా ఆమెను వరండాలోకి పిలిచి మాట్లాడారు. ఆమె ఇద్దరికీ తలూపింది. పొద్దుగూకినా తెగలేదు. చివరికి ఇద్దరికీ ఒకే ఆలోచన తట్టింది: నాకు రాకపోతే పోనీ, వాడికి మాత్రం రావొద్దు. నోట్లో నాలుక లేని మనిషి కదా, ఈమెనే చేద్దాం అన్నారు. మన దేశంలో ఉప అన్న పదవికి మనుషులను ఏరే పద్ధతి పైనుంచి కిందిదాకా ఇంచుమించు ఇదేనని నా అనుమానం.

అప్పుడామె ఒకే ఒక్క షరతు పెట్టింది. తమ వాడకు బొందలగడ్డ, అంటే పూడ్చుకునే జాగా, కావాలంది. సర్పంచ్ నవ్వి, "గదెంత పని, మొదటి మీటింగులనే చేద్దాం" అన్నాడు.

ఈ బొందలగడ్డ సంగతి చెప్పాలి. ఆ ఊరికి అప్పుడే వైకుంఠధామం వచ్చింది. రెండు దహన వేదికలు, స్నానాలకు నల్లాలు, గోడల మీద దేవుళ్ళ బొమ్మలు. చచ్చినవాళ్ళకు అంత సౌకర్యం బతికున్నప్పుడు ఆ ఊళ్ళో ఎవరూ ఎరగరు. అయితే అది కాల్చేవాళ్ళకు. ఆమె వాడలో సగం మంది చర్చికి ప్రార్థనకు పోయేవాళ్ళు, పూడ్చుకునేవాళ్ళు. వాళ్ళకు వాగు ఒడ్డే దిక్కు. తరతరాలుగా కూలికి పోయిన మనుషులు, ఆరడుగుల సొంత జాగా కూడా లేదు. ఆమె భర్తను ఆ ఒడ్డునే పెట్టారు. రెండేళ్ళకు వాగు పొంగింది. నీళ్ళు తీశాక వెళ్ళి చూస్తే ఒడ్డే లేదు. అప్పటినుంచి ఆమె వాగు దాటేటప్పుడు చెప్పులు విప్పి చేతపట్టుకుని దాటేది.

ఇక మీటింగులు. పంచాయతీ ఆఫీసులో సర్పంచ్‌కు తెల్లటి టవలు పరిచిన గుండ్రటి కుర్చీ. సభ్యులకు ప్లాస్టిక్ కుర్చీలు. ఉపసర్పంచ్‌కు ఏం వేయాలో ఏ సర్క్యులర్‌లోనూ లేదు కాబట్టి ఏమీ వేయలేదు. గోడ పక్కన పొడుగాటి చెక్కబల్ల ఉండేది. ఆమె దాని మీద కూర్చుని ఒళ్ళో చాట పెట్టుకునేది. చాటలో తునికాకు, తంబాకు, దారం. మీటింగు నడుస్తున్నంతసేపూ ఆమె చేతులు చుడుతూనే ఉండేవి. ఎవరైనా వెక్కిరిస్తే, "చెవులు ఖాళీగనే ఉన్నయ్ గదా" అనేది. ఆగస్టు పదిహేనుకు జెండాలో పూలరెక్కలు పెట్టి ముడి వేసేది ఆమె, తాడు లాగేది సర్పంచ్. పూలు సరిగ్గా రాలకపోతే అందరూ ఆమె వైపు చూసేవాళ్ళు, రాలితే ఆయనకు చప్పట్లు.

ఏ కాగితం పెట్టినా చదివి వినిపించమనేది. ఆమెకు చదువు రాక కాదు, కూడబలుక్కుని చదవగలదు. నేనే చదివితే తర్వాత నేను కాదనలేనని ఆమె లెక్క. విన్నాక సంతకం చేసేది, చేశాక దాని మీద ఉఫ్ అని ఊదేది. బాల్ పెన్ను సిరా ఊదాల్సిన పనిలేదని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. ఏ విషయం అడిగినా ముందు, "నాదేముంది సారూ, నేను ఉప" అనేది. ఆ మాట అన్నాక మాత్రం సరిగ్గా తాననుకున్నదే చెప్పేది. ఇది పట్టుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది, సర్పంచ్‌కు చివరిదాకా పట్టుబడలేదు.

బొందలగడ్డ ప్రతి నెలా అజెండాలో చివరి అంశం. చివరి అంశం వచ్చేసరికి చాయ్ వచ్చేది. చాయ్ తాగుతూ సర్పంచ్, "వచ్చే మీటింగుల జూద్దాం" అనేవాడు. నేను పుస్తకంలో వాయిదా అని రాసేవాణ్ణి. ఊరి బయట పదిహేను గుంటల సర్కారు జాగా ఉంది, ఇవ్వొచ్చు. కాకపోతే అది సర్పంచ్ అన్నగారి పొలం పక్కనే ఉంది. ఊరంతా పెద్ద పటేల్ అని పిలిచే ఆ అన్నగారి వడ్లు ఏటా రెండు పంటలకూ అక్కడే ఆరేవి. ఆరబోసుకోవడానికి అలవాటైన జాగాలో శవాలను పెడతామంటే ఏ రైతు గుండె చెరువు కాదు, చెప్పండి.

మూడేళ్ళు దాటాయి. సర్పంచ్ కొండగట్టు పోయి దర్శనం చేసుకుని వచ్చిన మర్నాడు గుండె ఆగి పోయాడు. మంచివాడే, యాభై కూడా నిండలేదు. నిజంగానే ఏడ్చాం. దినాలు కాగానే పెద్ద పటేల్ తమ్ముడి ఫొటో పటం కట్టించి తెచ్చి, దండ వేసి, ఆఫీసులో ఆ టవలు కుర్చీలో కూర్చోబెట్టాడు. గోడకు మేకు కొడతానని నేను అన్నాను. "కొన్ని దినాలు గట్లనే ఉండనీ" అన్నాడు. ఆ కొన్ని దినాలు పంతొమ్మిది నెలలు నడిచాయి.

ఈలోగా చట్టం తన పని తాను చేసింది. సర్పంచ్ పదవి ఖాళీ అయితే కొత్తవారు వచ్చేదాకా ఆ అధికారాలు ఉపసర్పంచ్‌వి. ఉత్తర్వు వచ్చింది. నేను చదివి వినిపించాను. ఆమె రెండోసారి కూడా చదవమంది. అంతా విని, "అయితే చివరి అంశం ముందు రాయచ్చా సారూ?" అని అడిగింది. రాయొచ్చన్నాను. కుర్చీ సంగతి ఏంచేద్దామని కూడా అడిగాను, ఫొటో వైపు చూస్తూ. "కుర్చీల ఏముంది, సంతకం కాగితం మీద గదా పెట్టేది" అని బల్ల మీదికే పోయి చాట తెరిచింది.

ఆ సాయంత్రమే పెద్ద పటేల్ నన్ను ఇంటికి పిలిపించాడు. చాయ్ ఇప్పించాడు. ఆమెకు పానం బాగుంటలేదని విన్నాననీ, పాపం భారం మోయలేదనీ, రాజీనామా చేస్తే సభ్యులు ఇంకొకరిని ఉపసర్పంచ్ చేసుకుంటారనీ, ఆ ఇంకొకరు ఎవరో కూడా తానే చూసి పెట్టాననీ చెప్పాడు. నేను చేయాల్సిందల్లా కాగితం తయారుచేసి సంతకం తేవడం. సంతకం కోసం ఆమె దగ్గరికి పెద్ద పటేల్ పోతే బాగుండదు, సెక్రటరీ పోతే ఆఫీసు పని. ఆ ఊళ్ళో నాకు ఇంకా కొన్నేళ్ళ నౌకరీ ఉంది. సరేనన్నాను. ఇక్కడ నన్ను నేను వెనకేసుకు రాను, భయపడ్డాను.

జగిత్యాలలో జిరాక్స్ సెంటర్లో ఇలాంటి వాటికి నమూనాలు ఉంటాయి. పేరు, తేదీ మారిస్తే చాలు. మార్చాను. మర్నాడు పొద్దున్నే ఆమె ఇంటికి పోయాను. ఆమె గడప పక్కన కూర్చుని ఆకు కత్తిరిస్తోంది. సంతకం కావాలన్నాను. ఏ కాగితమని అడగలేదు. "సదువుండ్రి సారూ" అంది.

చదివాను. అనారోగ్య కారణాల వల్ల అన్నదాకా వచ్చేసరికి నా గొంతు నాకే తగ్గినట్టు వినిపించింది. ఆమె ఆకు కత్తిరించడం ఆపలేదు.

"పైన ఎవరికని రాసిండ్రు?"

"సర్పంచ్ గారికి."

"ఆయన పోయిండు గదా."

నమూనా అంతేనమ్మా అన్నాను. సర్పంచ్ లేకపోతే ఇన్‌చార్జి సర్పంచ్‌కు ఇచ్చినట్టేనని కూడా చట్టం తెలిసినవాడిలా చెప్పాను. చెప్పాక నేనేం చెప్పానో నాకు అర్థమైంది. ఆమెకు నాకంటే ముందే అర్థమైంది. కత్తెర చాటలో పెట్టింది. చేతులు కొంగుకు తుడుచుకుంది.

"అంటే గిది నాకే అచ్చింది. ఇటియ్యుండ్రి."

ఇచ్చాను. నా జేబులోని పెన్ను కూడా అడిగి తీసుకుంది. మొత్తం కూడబలుక్కుని మళ్ళీ చదివింది. అనారోగ్యం దగ్గర ఆగి, ఏ రోగమో రాయలేదేమని అడిగింది. నమూనాలో లేదన్నాను. కాగితం మూలన ఒక్క మాట రాసి, కింద సంతకం చేసి, ఉఫ్ అని ఊదింది.

"నామంజూర్ సారూ. ఆమె పానం మంచిగనే ఉన్నది, నేనే జూసిన. ఇన్‌వార్డుల ఎక్కియ్యుండ్రి."

ఇరవయ్యేళ్ళ నౌకరీలో నాకు అంత చక్కటి ఉత్తర్వు మరెవరూ ఇవ్వలేదు. ఆమె కోప్పడి ఉంటే నాకు సుఖంగా ఉండేది. కోప్పడలేదు, చాయ్ తాగి పొమ్మంది. తాగాను. వచ్చిన కాగితాలు రాసే ఇన్‌వార్డు పుస్తకంలో ఎక్కించాను కూడా. పెద్ద పటేల్‌కు చెబితే అయిదు నిమిషాలు నన్ను పైకీ కిందికీ చూసి, "చదువుకున్నోనివేనా?" అన్నాడు.

తర్వాతి మీటింగులో తీర్మానానికి సభ్యులు చాలకుండా చూసే పనిలో పడ్డాడాయన. అది కష్టమేమీ కాదు. తొమ్మిది మందిలో ఈమె కాక నలుగురు ఆడవాళ్ళు. మూడున్నరేళ్ళుగా వాళ్ళ బదులు వాళ్ళ భర్తలే వచ్చేవాళ్ళు, కారోబార్ పుస్తకం ఇంటికి తీసుకుపోయి భార్యల సంతకం తెచ్చేవాడు. రాజ్యాంగంలో భర్త అన్న పదవి ఎక్కడా లేదు గానీ మా పంచాయతీలన్నీ దాని మీదే నడుస్తాయి. ఆ నలుగురు భర్తలూ, మిగతా నలుగురు మొగ సభ్యులూ పెద్ద పటేల్ మనుషులు.

ఆ నలుగురు భార్యలు మాత్రం బీడీలు అప్పజెప్పే కార్ఖానా దగ్గర రోజూ ఈమెకు కలిసేవాళ్ళు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. మీటింగు రోజు మొగ సభ్యులు రానే లేదు, భర్తలు నలుగురూ వచ్చి ఎప్పటిలా కూర్చున్నారు, చివరి అంశం రాగానే లేచిపోదామని. వాళ్ళ వెనకే నలుగురు ఆడవాళ్ళు చాటలతో సహా లోపలికి వచ్చారు. ఆమె బల్ల మీద నుంచి లేవకుండానే నన్ను అడిగింది, సభ్యులు ఎవరెవరో పేర్లు చదవమని. చదివాను. అప్పుడు మొగాళ్ళ వైపు తిరిగి ఎంతో మర్యాదగా, "మీ పేర్లు అచ్చినట్టు లేవు. బయట కూసోండ్రి అన్నా, చాయ్ పంపిస్త" అంది. వాళ్ళు పెళ్ళాల వైపు చూశారు. పెళ్ళాలు చాటల్లోకి చూశారు. మొగాళ్ళు బయటికి నడిచారు. నిజంగానే చాయ్ పంపించింది.

అయిదుగురు చేతులెత్తారు. మొదటి అంశంగానే బొందలగడ్డ తీర్మానం పాసైంది. దండ వేసుకున్న ఫొటో టవలు కుర్చీలోంచి అంతా చూస్తూ ఊరుకుంది. ఆ అంశాన్ని ఆయన వాయిదా వేయని మొదటి మీటింగు అదే.

మండలాఫీసు చుట్టూ ఎనిమిది నెలలు తిరిగింది. కూలి మానుకుని, చాట సంచిలో పెట్టుకుని, వరండాలో చుట్టుకుంటూ కూర్చునేది. చివరికి సర్వేయర్ వచ్చి హద్దురాళ్ళు పాతిన రోజు నేనూ ఉన్నాను. వాడ వాడంతా వచ్చి సంబరపడుతుంటే ఆమె ఒక మూల నిలబడింది. ఏమ్మా, సంతోషమేనా అన్నాను. "సంతోషమే సారూ" అంది. కొత్త హద్దురాయి మీద చెయ్యి వేసి, "మా ఆయననే తెచ్చుకుందామంటే ఏం మిగల్లే" అంది. హద్దురాళ్ళు ఎన్ని పాతారో సర్వేయర్‌ను అడుగుతూ జాగా లోపలికి నడిచాను.

ఉప ఎన్నిక వస్తుంది వస్తుంది అంటూనే పదవీకాలం అయిపోయింది. స్పెషల్ ఆఫీసర్ పాలన వచ్చింది. ఆయన చాలా శుభ్రమైన మనిషి. ఫొటోను గోడకు ఎక్కించి, ఆఫీసుకు సున్నం వేయించి, ముందు గోడ మీద ఇప్పటిదాకా పనిచేసిన సర్పంచ్‌ల పేర్లు, కాలాలు రాయించమన్నాడు. పేర్లు రాసివ్వడం నా పని. ఆ సంగతి తెలిసి పెద్ద పటేల్ మళ్ళీ చాయ్ ఇప్పించాడు. పోయినోడి గౌరవం, అయిదేళ్ళూ తమ్ముడివే రాయి, ఇన్‌చార్జీలను ఎవరు రాస్తారు అన్నాడు. నిజమే, ఎవరూ రాయరు. పెయింటర్‌కు అట్లాగే రాసిచ్చాను. మా గోడ ప్రకారం ఆయన చనిపోయాక కూడా పంతొమ్మిది నెలలు ఊరిని చక్కగా పాలించాడు. పెయింటర్ ఆఖరి అక్షరం దిద్దుతుండగా ఆమె కార్ఖానా నుంచి వస్తూ ఆగింది. పేర్లన్నీ పైనుంచి కిందికి చదువుకుంది. నేను ఫోను వచ్చినట్టు పక్కకు పోయాను. "రంగు మంచిగున్నది" అని పెయింటర్‌తో చెప్పి వెళ్ళిపోయిందట.

ఆ తర్వాత మా ఆవిడ ఉద్యోగం సిరిసిల్లలో కాబట్టి ఇటు బదిలీ చేయించుకున్నాను. ఆమెను మళ్ళీ చూడలేదు.

మర్నాడు జగిత్యాలలో బస్సు మారి ఊరు చేరేసరికి బొందలగడ్డ దగ్గర జనం గుమిగూడి ఉన్నారు. గొయ్యి తవ్వి ఉంది. పెట్టె గొయ్యి పక్కన దించి ఉంది. పాస్టర్ పుస్తకం తెరిచి మూసి తెరుస్తున్నాడు. కోరుట్లలో పెళ్ళి చేసి ఇచ్చిన ఆమె బిడ్డ పెట్టె మీద చెయ్యి వేసి కూర్చుని ఉంది. పక్కన పెద్ద పటేల్ ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఎదురుగా కొత్త సెక్రటరీ, పాతికేళ్ళ అమ్మాయి, ఫోను చెవికి పెట్టుకుని తిరుగుతోంది.

సంగతి ఏమంటే, ఆ దారికి డాంబరు పడింది, జాగాకు ధర పెరిగింది. ఆ తీర్మానం చెల్లదని పెద్ద పటేల్ పోయిన వారం పైకి దరఖాస్తు పెట్టాడు. విచారణ అయ్యేదాకా ఇక్కడ కొత్త బొంద పెట్టొద్దంటున్నాడు. ఆదివారం, ఆఫీసులన్నీ బంద్, ఇన్‌చార్జి ఉత్తర్వు ఉన్న ఫైలు మండలాఫీసు బీరువాలో ఉంది. వాగు ఒడ్డు ఉంది కదా, పూర్వం నుంచి ఉన్నదే కదా అని ఆయన సలహా.

కొత్త సెక్రటరీకి ఆయన ఫోనులో ఒక ఫొటో చూపించాడు. పంచాయతీ గోడ. నేను రాయించిన అక్షరాలు.

"సార్, తీర్మానం మీద సంతకం ఈమెది. గోడ మీద చూస్తే ఆ తారీఖుకు సర్పంచ్ వాళ్ళ తమ్ముడు" అంది ఆ అమ్మాయి నాతో. "నేనేమని చెప్పాలె?"

"గోడ తప్పు," అన్నాను.

"ఎవరు రాయించిండ్రు సార్?"

పెద్ద పటేల్ నా వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు, రెండుసార్లు చాయ్ ఇప్పించిన చూపు. ఆ బిడ్డ కూడా తల ఎత్తింది.

నేనే రాయించానన్నాను. తెలిసే తప్పు రాయించానన్నాను. అది కాగితం మీద రాసిస్తే సరిపోతుందా అని అడిగాను. సరిపోతుందంది ఆ అమ్మాయి, పోలీసులు వచ్చినా చూపిస్తానంది. "నౌకరీ మీదికి తెచ్చుకుంటున్నవ్ సెక్రటరీ," అన్నాడు పెద్ద పటేల్, చాలా దయగా.

పాస్టర్ తన పుస్తకం అట్ట ఇచ్చాడు ఆనించి రాయడానికి. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఈ గ్రామానికి సర్పంచ్ బాధ్యతల్లో ఉన్నది ఫలానా ఆమె అని రాసి, తప్పు నాదని రాసి, సంతకం చేసి ఇచ్చాను. పెట్టె లేపారు. పెద్ద పటేల్ కుర్చీ చేత పట్టుకుని పోయాడు.

ఆ పంతొమ్మిది నెలల్లో ఆమెను నేను ఒక్కసారైనా సర్పంచ్ అని పిలవలేదు. ఆమె పేరు పక్కన ఆ మాట నేను మొదటిసారి రాసింది ఆమెను పూడ్చనివ్వండని బతిమాలడానికి.